నాన్నని కేర్ హోమ్‌లో చేర్చాలి, కౌన్సిల్ ఫామ్‌లో తెనాలి ఇల్లు కూడా రాయాలా?

#1 · సుధ_లాంకషైర్

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

నాన్నకి 83. 1974లో డాక్టరుగా ఇంగ్లండు వచ్చారు, ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లోనే రిటైరయ్యారు. డిమెన్షియా ముదిరింది. రాత్రుళ్ళు లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నారు. అమ్మకి 78, మోకాళ్ళు పోయాయి, ఆపలేకపోతోంది. పోయిన నెల పడిపోతే ఆస్పత్రిలో చేర్చాం. ఇక ఇంటికి పంపడం క్షేమం కాదని సోషల్ వర్కర్ తేల్చేసింది.

ఇప్పుడు కౌన్సిల్ వాళ్ళు (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ఫైనాన్షియల్ అసెస్‌మెంట్ ఫామ్ చేతిలో పెట్టారు, హోమ్ ఫీజులో నాన్న ఎంత కట్టాలో దాన్నిబట్టే తేలుస్తారట. చూస్తే గుండె జారిపోయింది. మాకున్నవి ఇవీ:

ఇల్లు అమ్మానాన్నల ఇద్దరి పేరా ఉంది. జాయింట్ అకౌంట్‌లో 38 వేల పౌండ్లు. నాన్నకి స్టేట్ పెన్షన్ వారానికి 176, ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ పన్ను పోగా వారానికి 420 దాకా వస్తుంది. తెనాలిలో తాతగారి ఇల్లు నాన్నకీ ఇద్దరు బాబాయిలకీ ఉమ్మడి. పంపకాలు కాలేదు, చిన్న బాబాయి కుటుంబం అందులోనే ఉంటోంది. ఇది కాక నాన్న ఒక్కరి పేరు మీద ఇండియాలోని ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా) ఆరు లక్షల ఎఫ్‌డీ.

అన్నయ్యేమో "ఇల్లు వెంటనే మన పేర్లకి మార్పించేద్దాం, ఏడేళ్ళు గడిస్తే కౌన్సిల్ ముట్టుకోలేదు" అంటున్నాడు. అమ్మ ఇల్లు పోతుందని అన్నం మానేసింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 · గోదారోడు

అక్కా, తెనాలి సంగతి ఎందుకు రాస్తావు? ఇక్కడి కౌన్సిల్ క్లర్కుకి తెనాలి ఎక్కడుందో తెలుసా? ఖాళీగా వదిలెయ్.

#3 · మిల్టన్_మూర్తి

సుధగారూ, ముందు అమ్మగారికి చెప్పి అన్నం తినిపించండి. ఆ ఇల్లు ఎక్కడికీ పోదు.

నేను ఒక కౌన్సిల్‌లో ఈ అసెస్‌మెంట్లు చేసే విభాగంలోనే చాన్నాళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇంగ్లండులో ఇదంతా కేర్ యాక్ట్ 2014, దాని కింద అదే ఏడాది వచ్చిన ఛార్జింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం నడుస్తుంది. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. కేర్ హోమ్‌లోకి వెళ్ళిన మనిషి వదిలివచ్చిన సొంతింట్లో భార్య గానీ భర్త గానీ ఉంటుంటే, ఆ ఇంటి విలువ లెక్కలోకి రాదు. ఇందులో కౌన్సిల్ దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు, రెగ్యులేషన్‌లోనే ఉన్న తప్పనిసరి మినహాయింపు. 60 దాటిన బంధువు గానీ, వైకల్యం ఉన్న బంధువు గానీ ముందునుంచీ ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నా అంతే.

రెండోది, అసెస్ చేసేది నాన్నగారిని మాత్రమే. అమ్మగారి పెన్షనూ, ఆవిడ ఒక్కరి పేరున ఉన్న డబ్బూ వాళ్ళకి అనవసరం. మీదీ మీ అన్నయ్యదీ అసలే అనవసరం. జాయింట్ అకౌంట్‌ని సగం సగం చేస్తారు. అంటే 38 వేలలో నాన్నగారిది 19 వేలు.

తెనాలి సంగతి రాత్రికి తీరిగ్గా రాస్తాను. గోదారోడు గారి సలహా మాత్రం వినకండి.

#4 · ధర్మపథం

క్షమించాలి, ఒక మాట అనకుండా ఉండలేను. కన్నతండ్రిని హోమ్‌లో పెట్టి డబ్బు లెక్కలు వేసుకోవడమేనా మనం నేర్చుకున్నది? మన పెద్దలు ఇలాగే చేశారా?

#5 · అక్షర_లీడ్స్

ధర్మపథం గారూ, రాత్రి రెండింటికి జనవరి చలిలో పైజమాతో రోడ్డు మీద నిలబడ్డ పెద్దాయన్ని 78 ఏళ్ళ ఆవిడ ఎలా లోపలికి తెస్తుందో చెప్పండి. మీకు వీలైతే వెళ్ళి వారం రోజులు కాపలా కాయండి, సుధ అడ్రసు ఇస్తుంది.

సుధా, మా అత్తగారి విషయంలో నేను ఇదంతా పడ్డాను. తర్వాత రాస్తా.

#6 · నిర్వాహకులు

#4 మీద చర్చ ఇక్కడితో ఆపండి. వేరే దారం (థ్రెడ్) తెరుచుకోవచ్చు. అడ్రసులు ఎవరూ పెట్టొద్దు, హాస్యానికైనా సరే.

#7 · మిల్టన్_మూర్తి

అన్న ప్రకారమే వచ్చాను. పొడుగైతే ఓర్చుకోండి.

నగదు, ఆస్తి కలిపి 23,250 పౌండ్లు దాటితే ఫీజు మొత్తం మనమే కట్టుకోవాలి. 14,250 లోపుంటే ఆ పొదుపు జోలికి రారు. మధ్యలో ఉంటే 14,250కి పైన ప్రతి 250 పౌండ్లకీ వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్క కడతారు. దీన్ని టారిఫ్ ఇన్‌కమ్ అంటారు. ఏ బ్యాంకూ అంత వడ్డీ ఇవ్వదు, అది వేరే సంగతి. ఈ రెండు హద్దులూ 2010 నుంచి కదల్లేదు. బయట ధరలన్నీ పెరిగినా ఇవి అక్కడే ఉన్నాయంటే ఏటేటా ఎక్కువమందిని సెల్ఫ్ ఫండర్ల లోకి, అంటే ఫీజంతా తామే కట్టుకునేవాళ్ళలోకి, నెడుతున్నారన్నమాట.

ఆదాయం దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఉద్యోగ పెన్షన్‌లో సగం ఇంట్లో ఉన్న భార్యకి ఇస్తుంటే ఆ సగాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. మీ నాన్నగారి 420లో 210 అమ్మగారికి. కాగితం మీద రాస్తే సరిపోదు, నెల నెలా ఆవిడ ఖాతాకి నిజంగా వెళ్ళాలి. స్టేట్ పెన్షన్‌కి ఇది వర్తించదు. అమ్మగారికి పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దలకి ప్రభుత్వమిచ్చేది) లాంటిది వస్తుంటే మాత్రం ఈ 210 వల్ల అది తగ్గుతుంది, ముందే చూసుకోండి.

ఇక లెక్క. స్టేట్ పెన్షన్ 176, సగం పెన్షన్ 210, పొదుపు 19 వేలకి టారిఫ్ 19. మొత్తం 405. ఇందులో నాన్నగారి చేతి ఖర్చుకని 2025-26 రేటు ప్రకారం వారానికి 30.65 వదలాలి. అంటే ఆయన కట్టేది వారానికి 374.35. మిగతాది కౌన్సిల్‌ది.

ఎఫ్‌డీ కలిపితే? ఆరు లక్షలంటే ఐదు వేల పౌండ్లు వేసుకుందాం. 24 వేలవుతుంది, హద్దు దాటింది. కంగారు పడకండి. దాటింది 750 పౌండ్లే. వారం రెండు వారాలు పూర్తి ఫీజు కట్టేసరికి అది కరిగిపోతుంది. ఆపైన కౌన్సిల్ అందుకుంటుంది, టారిఫ్ 19కి బదులు 36తో మొదలవుతుంది. అంటే ఆ ఎఫ్‌డీ దాచినందుకు మిగిలేది వారానికి 17 పౌండ్లు, అదీ పొదుపు తగ్గేకొద్దీ తగ్గుతూ. గోదారోడు గారూ, 17 పౌండ్ల కోసం సంతకం పెట్టి అబద్ధం చెప్పమంటారా?

#8 · గోదారోడు

లెక్క చూశాక నోరు పెగల్లేదు సార్. కానీ తెనాలి ఇల్లు 17 పౌండ్లు కాదుగా? అక్కడ సెంటు ఎంత పలుకుతోందో తెలుసా మీకు?

#9 · మిల్టన్_మూర్తి

తెలుసు, మాది దుగ్గిరాల.

విదేశంలో ఉన్న ఆస్తి కూడా ఆస్తే, ఫామ్‌లో రాయాలి. ఆ దేశం నుంచి డబ్బు బయటికి తేవడానికి నిషేధం లేకపోతే అక్కడి మార్కెట్ విలువ చూస్తారు. ఇండియాలో పూర్తి నిషేధం లేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా పంపించుకోవచ్చు. సీఏ సర్టిఫికెట్టు, పన్ను కాగితాలు కావాలంతే. కాబట్టి "ఇండియా నుంచి తేలేం" అన్న మాట నిలబడదు.

నిలబడే మాట వేరే ఉంది. అది ఉమ్మడి ఇల్లు. కౌన్సిల్ విలువ కట్టాల్సింది ఇంటి మొత్తం ధరని మూడుతో భాగిస్తే వచ్చే అంకె కాదు. నాన్నగారి విడదీయని వాటాని మాత్రమే ఇవాళ ఒకడు కొనుక్కుంటానని వస్తే ఎంతిస్తాడు అన్నది. లోపల తమ్ముడి కుటుంబం కాపురం ఉంది, ఖాళీ చెయ్యరు, వాటా కొన్నవాడు పార్టిషన్ దావా వేస్తే తేలేసరికి వాడి మనవళ్ళకి పెళ్ళిళ్ళవుతాయి. అలాంటి వాటాని బయటివాడు ఎవడు కొంటాడు? విలువ నామమాత్రమని తేలిన కేసులు ఇక్కడి ఇళ్ళ విషయంలోనే చూశాను. తేలిన విలువలో కూడా అమ్మకం ఖర్చులకింద 10 శాతం, ఏదైనా అప్పుంటే అదీ తగ్గించాలి.

బాబాయి అక్కడే ఉంటున్నారు కాబట్టి విచక్షణతో ఆ ఇంటిని వదిలెయ్యమని అడిగే అవకాశం కూడా ఉంది. కౌన్సిల్ వినాలని రూలేం లేదు, అడగడం మన హక్కు.

మీరు చెయ్యాల్సింది: దస్తావేజు నకలు, వారసుల వివరం, ఇంట్లో ఎవరుంటున్నారో బాబాయిగారి చేత ఒక ఉత్తరం, తెనాలిలో రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత "విడిగా ఈ వాటాకి కొనుగోలుదారు దొరుకుతాడా" అన్న ప్రశ్నకి జవాబు. వాల్యూయర్‌కి ప్రశ్న ఇలాగే అడగండి. "ఇల్లెంత చేస్తుంది" అని అడిగితే ఇల్లెంత చేస్తుందో రాసిస్తాడు, మీరు ఇరుక్కుంటారు.

#10 · డాక్టర్_తాతగారు

అమ్మాయ్ సుధా, మీ నాన్నగారి తరం వాణ్ణే నేను. మీరంతా రెండో మెట్టు మీద నుంచుని మొదటిది మర్చిపోయారు.

ఆ ఫామ్ నింపక ముందు ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్, అదే సీహెచ్‌సీ, చెక్‌లిస్టు చేశారా అని అడుగు. ప్రధానంగా ఆయనకున్నది ఆరోగ్య అవసరమే అని తేలితే హోమ్ ఫీజు మొత్తం ఎన్‌హెచ్‌ఎస్‌దే, ఆస్తిపాస్తుల ప్రశ్నే రాదు. 1999లో అప్పీలు కోర్టు కోగ్లన్ కేసులో చెప్పిన తీర్పు మీదే ఇది నిలబడింది. చెక్‌లిస్టు దాటితే పన్నెండు అంశాల మీద పెద్ద అసెస్‌మెంటు ఉంటుంది: ప్రవర్తన, తెలివిడి, నడక, తిండి, మందులు అలా.

ఆశ మరీ పెట్టుకోకు. డిమెన్షియా అన్న పేరు చూసి ఇవ్వరు. అవసరం ఎంత తీవ్రం, ఎంత చిక్కు, ఎప్పుడేమవుతుందో చెప్పలేని పరిస్థితి ఎంత అన్నది చూస్తారు. నేనున్నప్పుడు చూసిన పొరపాటేమిటంటే, మనవాళ్ళు మీటింగులో నాన్న పరువు కాపాడబోతారు. "బాగానే ఉంటారండీ, అప్పుడప్పుడు కొంచెం..." అంటారు. ఆ "కొంచెం"తోనే కేసు పోతుంది. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఎవరిని కొట్టబోయాడు, మాత్ర ఎలా ఉమ్మేశాడు, అన్నీ డైరీలో రాసిపెట్టుకుని చదివి వినిపించు.

అది రాకపోయినా నర్సింగ్ హోమ్ అయితే నర్సు ఖర్చు కింద ఎన్‌హెచ్‌ఎస్ వారానికి కొంత (2025-26లో 254.06 పౌండ్లు) నేరుగా హోమ్‌కి కడుతుంది. దానికి ఆస్తితో పనిలేదు.

#11 · సుధ_లాంకషైర్

తాతగారూ, చెక్‌లిస్టు మాట ఎవరూ ఎత్తలేదు. రేపే అడుగుతాను. మూర్తిగారూ, మీ లెక్క అమ్మకి చదివి వినిపించాను. కాఫీ పెట్టుకుని తాగింది.

అన్నయ్య ఏడేళ్ళ సంగతి మాత్రం వదలడం లేదు.

#12 · మిల్టన్_మూర్తి

ఏడేళ్ళు ఇన్‌హెరిటెన్స్ టాక్స్ (వారసత్వ పన్ను) రూలు. కేర్ ఫీజుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరు ఎక్కడ కలిపారో గానీ మన ప్రతి పెళ్ళి భోజనాల్లోనూ ఇది వినిపిస్తుంది.

కేర్ విషయంలో గడువే లేదు. ఆస్తి వదిలించుకోవడంలో కేర్ ఫీజు తప్పించుకోవడం ఒక ముఖ్య ఉద్దేశమా, ఆ రోజున ఈ మనిషికి కేర్ అవసరం పడుతుందని ఊహించగలిగే స్థితి ఉందా అన్నదే చూస్తారు. పదేళ్ళ కింద ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనవరాలి పెళ్ళికి ఇచ్చింది పట్టదు. ఆస్పత్రి మంచం మీద ఉండగా ఇల్లు రాసిచ్చేస్తే ఆ ఇల్లు ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్టు లెక్క కడతారు. పైగా కేర్ యాక్ట్ 70వ సెక్షన్ ప్రకారం పుచ్చుకున్నవాళ్ళ దగ్గరే వసూలు చెయ్యొచ్చు, అంటే మీ అన్నయ్య దగ్గర. పాత చట్టంలో హోమ్‌లో చేరడానికి ముందు ఆరు నెలల్లో జరిగిన బదిలీకే అలా వసూలు చేసేవారు. ఆ ఆరు నెలల హద్దు కూడా ఇప్పుడు లేదు.

మీ విషయంలో అసలు తమాషా ఏమిటంటే, అమ్మగారు ఉన్నంతకాలం లెక్కలోకే రాని ఇంటిని కాపాడడానికి మీ అన్నయ్య లేని కష్టం నెత్తికెత్తుకుంటున్నాడు. నాన్నగారికి ఇప్పుడు సంతకం పెట్టే తెలివిడి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఎల్‌పీఏ (ఆయన తరఫున మీరు వ్యవహరించే అధికారపత్రం) రిజిస్టర్ అయి ఉన్నా, ఆ అధికారంతో మీ పేరున మీరే ఇల్లు రాసుకోవడం కుదరదు.

#13 · బెజవాడ_బుల్లోడు

ఇండియా నుంచి చదువుతున్నా. అర్థంకాక అడుగుతున్నా, పిల్లల దగ్గర ఏమీ అడగరా? ఇక్కడ 2007 చట్టం ఉంది కదా, తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కి వెళ్తే పిల్లలు నెలకి పది వేల దాకా కట్టాలి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషనే రద్దు చేస్తారు.

#14 · మిల్టన్_మూర్తి

ఇక్కడా ఒకప్పుడు అడిగేవారు. పూర్ లా (పాతకాలపు పేదల సహాయ చట్టం) రోజుల్లో పిల్లలదీ బాధ్యతే. 1948లో నేషనల్ అసిస్టెన్స్ యాక్ట్ దాన్ని ఎత్తేసింది. మొదటి సెక్షనే "పూర్ లా ఇక చెల్లదు" అని. అదే చట్టంలో మూడో భాగం కింద కౌన్సిళ్ళు వృద్ధాశ్రమాలు పెట్టాయి, 22వ సెక్షన్ కింద అద్దె వసూలు చేశాయి. డబ్బున్నవాళ్ళు హోటల్లో దిగినట్టు ముసలివాళ్ళు గౌరవంగా డబ్బు కట్టి ఉండాలన్నది అప్పటి ఆరోగ్య మంత్రి అనూరిన్ బెవన్ ఊహ. అప్పట్లో పెన్షన్ 26 షిల్లింగులు. 21 హోమ్‌కి, 5 చేతి ఖర్చుకి. 2025-26 నాటి 30.65 పౌండ్లు ఆ ఐదు షిల్లింగుల వారసత్వమే. భార్యాభర్తల మీద మిగిలిన బాధ్యత కూడా 2009లో తీసేశారు.

పిల్లల జేబు దగ్గరికి కౌన్సిల్ వచ్చేది ఒక్క దారిలో. దాని పేరు టాప్ అప్, కౌన్సిల్ ఇచ్చేదానికంటే ఖరీదైన హోమ్ అయితే ఆ తేడా కట్టడం.

#15 · అక్షర_లీడ్స్

టాప్ అప్ అన్నారు కాబట్టి నా గోడు.

మా అత్తగారు ఒంటరిగా ఉండేవారు, మామగారు లేరు. కాబట్టి ఇల్లు లెక్కలోకి వచ్చింది. మొదటి 12 వారాలు ఇంటిని పక్కన పెడతారు. ఆ తర్వాత మేం డిఫర్డ్ పేమెంట్‌కి వెళ్ళాం. ఇల్లు ఇప్పుడు అమ్మక్కర్లేదు, ఫీజు కౌన్సిల్ కడుతూ పోతుంది, ఇంటి మీద ఛార్జ్ (తాకట్టు హక్కు) రాయించుకుంటుంది, ఆవిడ తర్వాత అమ్మి తీరుస్తాం. వడ్డీ ప్రభుత్వ బాండ్ల రేటు మీద 0.15 శాతం దాటకూడదు, జనవరిలో ఒకసారి జులైలో ఒకసారి మారుతుంది. చక్రవడ్డీ అన్నది మర్చిపోకండి. ఇంటి విలువ అంతటికీ ఇవ్వరు. పది శాతం, పైన మరో 14,250 పక్కన పెట్టి మిగిలినదానికే.

ఖాళీ ఇంటికి మామూలు ఇన్సూరెన్సు చెల్లదు, అది మాకు ఆలస్యంగా తెలిసింది. కౌన్సిల్ టాక్స్ మాత్రం మినహాయింపు ఉంది, అడిగితే ఇస్తారు. అటెండెన్స్ అలవెన్సు (ఒకరి సాయం కావాల్సిన పెద్దలకి ప్రభుత్వమిచ్చే భత్యం) కూడా ఆగలేదు, ఎందుకంటే డిఫర్డ్ పేమెంట్‌లో చివరికి కట్టేది మనమే. కౌన్సిల్ ఖర్చుతో ఉంటే నాలుగు వారాలకి ఆగిపోతుంది.

అసలు గొడవ తిండి దగ్గర. కౌన్సిల్ చూపించిన హోమ్ శుభ్రంగానే ఉంది. మా అత్తగారు నీచు ముట్టరు, పెరుగన్నం లేనిదే భోజనం పూర్తి చెయ్యరు. ఒక మధ్యాహ్నం వెళ్తే కంచంలో ఉడికించిన బంగాళాదుంప ముద్ద, పక్కన స్ట్రాబెర్రీ యోగర్టు కప్పు. ఆవిడ ఆ గులాబిరంగు యోగర్టుని దుంప ముద్దలో కలిపి, ఉప్పు కోసం బల్లంతా తడుముతున్నారు. కేరర్ పిల్ల నవ్వుతూ చూస్తోంది, పాపం దానికేం తెలుసు.

శాకాహారం వండే వేరే హోమ్ చూసుకుంటే వారానికి 140 టాప్ అప్ కట్టమన్నారు. ఆర్నెల్లు కట్టాం. తర్వాత ఒక సలహా కేంద్రంలో చెప్పారు: మతం, ఆహారం, భాష ఇవి ఆవిడ అవసరాల కిందికే వస్తాయి, కేర్ ప్లాన్‌లో రాయించండి, ఆ అవసరం తీర్చే హోమ్ ఒక్కటైనా టాప్ అప్ లేకుండా చూపించాల్సింది కౌన్సిలే అని. ఫిర్యాదు చేశాం. మొదట కౌన్సిల్‌కి, అక్కడ తేలకపోతే ఆంబుడ్స్‌మన్‌కి. అంబుడ్స్‌మన్ దాకా వెళ్తామని రాయగానే తేలిపోయింది, డబ్బు వెనక్కి వచ్చింది.

#16 · మిల్టన్_మూర్తి

అక్షరగారి పోస్టుని అందరూ దాచుకోండి. టాప్ అప్ అంటే మనం ఇష్టపడి ఖరీదైనది ఎంచుకున్నప్పుడు మూడో మనిషి కట్టేది. వేరే దారి లేక కట్టించుకుంటే అది టాప్ అప్ కాదు, కౌన్సిల్ తన బాధ్యతని మీ మీదికి తోసెయ్యడం. సంతకం పెట్టేముందు "టాప్ అప్ లేని హోమ్ ఏది, పేరు రాసివ్వండి" అని అడగండి.

#17 · గ్లాస్గో_గీత

ఇక్కడ స్కాట్లండులో పర్సనల్ కేర్ (స్నానం, బట్టలు లాంటి సాయం) 2002 నుంచి ఉచితం. ఆస్తి ఎంతున్నా ఆ భాగం ప్రభుత్వమే కడుతుంది. కానీ గది అద్దెకీ తిండికీ ఇక్కడా ఆస్తి చూస్తారు. "స్కాట్లండులో అంతా ఫ్రీ" అని మా చుట్టాలు అనుకుంటారు, కాదు. వేల్స్‌లో హద్దు 50 వేలు, అక్కడ టారిఫ్ ఇన్‌కమ్ గొడవ లేదు.

#18 · గోదారోడు

కట్టిన ఫీజు 86 వేలు దాటితే ఇక కట్టక్కర్లేదు అని ఏదో విన్నానే?

#19 · మిల్టన్_మూర్తి

విన్నది నిజం, జరగలేదు. 2011లో డిల్నాట్ కమిషన్ జీవితకాలం మీద 35 వేల పరిమితి పెట్టమంది, ఆస్తి హద్దు లక్షకి పెంచమంది. 2021లో బోరిస్ జాన్సన్ 86 వేలు అన్నాడు, 2023 అక్టోబరు నుంచి అన్నాడు. అది 2025కి వాయిదా పడింది. 2024 జులైలో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ మొత్తానికే రద్దు చేసింది. ఇప్పుడు కేర్ సంస్కరణల మీద లూయిస్ కేసీ కమిషన్ కూర్చుంది, తుది నివేదిక 2028లో అట. సుధగారి నాన్నగారు అందాకా ఆగలేరు కదా.

#20 · సుధ_లాంకషైర్

సంగతులు చెబుతాను.

సీహెచ్‌సీ చెక్‌లిస్టు చేయించాం. పెద్ద అసెస్‌మెంటు దాకా వెళ్ళింది గానీ రాలేదు. ప్రవర్తన అంశంలో మా డైరీ బాగా పనికొచ్చిందట, మిగతావాటిలో చాలలేదు. నర్సింగ్ డబ్బు మాత్రం వస్తోంది.

తెనాలి నుంచి వాల్యూయర్ ఉత్తరం వచ్చింది. మూర్తిగారు చెప్పిన ప్రశ్నే అడిగాం. కాపురం ఉన్న ఉమ్మడి ఇంట్లో విడదీయని వాటాకి బయట కొనుగోలుదారు లేడని రాశాడు. చిన్న బాబాయి తానూ కొనలేనని రాసిచ్చాడు. రాసేటప్పుడు కొంచెం నొచ్చుకున్నాడు, "అన్నయ్య వాటా నేను తినేస్తానని అక్కడ అనుకుంటున్నారా" అని. సర్దిచెప్పాను. కౌన్సిల్ వాళ్ళు రెండుసార్లు ఎదురు ప్రశ్నలేసి, చివరికి ప్రస్తుతానికి విలువ సున్నా అన్నారు, పంపకాలు జరిగితే వెంటనే చెప్పాలని షరతు.

ఎఫ్‌డీ రాశాం. మొదటి బిల్లు పూర్తిది. ఇప్పుడు వారానికి 391.35.

ఫామ్‌లో ఎల్‌ఐసీ పాలసీ కూడా రాశాను, దాని సరెండర్ విలువ లెక్కలోకి రాదని తీసేశారు. అమ్మ గాజులు నాన్నవి కావు కాబట్టి అడగలేదు. నాన్న ఉంగరం ఒంటి మీది సొంత వస్తువు కిందికి వచ్చింది.

హోమ్ వాళ్ళు పప్పూ అన్నం వండడం నేర్చుకుంటున్నారు. తాలింపు వాసనకి ఫైర్ అలారం మోగిందట ఒకసారి.

ఇంకో రెండు సందేహాలు. నాన్న కంటే ముందు అమ్మకేదైనా అయితే ఇల్లు ఏమవుతుంది? అమ్మ ఇప్పుడున్న పెద్దిల్లు మెట్లెక్కలేక అమ్మేసి మా దగ్గర చిన్నది కొనుక్కుందామంటోంది, కొనుక్కోవచ్చా?

#21 · డాక్టర్_తాతగారు

ఫైర్ అలారానికి ఇంగువ కూడా వేశారా?

#22 · మిల్టన్_మూర్తి

మొదటిది. మీ అమ్మానాన్నలు ఆ ఇంటికి జాయింట్ టెనెంట్స్ అయి ఉంటే, అమ్మగారు ముందు పోతే ఇల్లంతా నాన్నగారికి వచ్చేస్తుంది. అప్పుడు ఇంట్లో భార్య లేరు, మినహాయింపు లేదు, మొత్తం విలువ లెక్కలోకి వస్తుంది. ఆ ఉమ్మడిని విడగొట్టి ఎవరి సగం వాళ్ళదిగా, టెనెంట్స్ ఇన్ కామన్‌గా మార్పించుకోవచ్చు. నోటీసు అమ్మగారు ఒక్కరే ఇవ్వొచ్చు, నాన్నగారి తెలివిడి అవసరం లేదు. ఆపైన తన సగం ఎవరికి చెందాలో అమ్మగారు వీలునామా రాసుకోవాలి. ఆవిడ ఆస్తి ఆవిడ ఇష్టం, నాన్నగారి ఆస్తి వదిలించుకున్నట్టు కాదు. నాన్నగారి సగం మాత్రం అప్పుడు లెక్కకి వస్తుంది. ఈ పని మంచి సాలిసిటర్‌తో ఈ నెలలోనే చేయించండి.

రెండోది జాగ్రత్త. ఇల్లు అమ్మిన రోజున నాన్నగారి సగం రొక్కమవుతుంది, రొక్కానికి మినహాయింపు లేదు. ఆ సగంలోంచి కొంత అమ్మగారి కొత్త ఇంటికి అవసరమైతే, దాన్ని ఆస్తి తప్పించుకోవడంగా చూడకుండా కౌన్సిళ్ళు సాధారణంగా ఒప్పుకుంటాయి. కానీ అమ్మకానికి పెట్టకముందే ఉత్తరం రాసి, ఎంత దాకా ఒప్పుకుంటారో లిఖితంగా తెప్పించుకోండి. కొత్తిల్లు కొన్నాక మిగిలిన నాన్నగారి వాటా 23,250 దాటితే ఆయన మళ్ళీ సెల్ఫ్ ఫండర్.

#23 · సుధ_లాంకషైర్

సాలిసిటర్‌తో మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఇల్లు అమ్మకం అప్పటిదాకా ఆపాం. అన్నయ్య ఈ దారమంతా చదివాడు, మూర్తిగారికి ఒక ప్రశ్న ఉందట: నోటీసు ఇచ్చాక ల్యాండ్ రిజిస్ట్రీలో కూడా నమోదు చేయించాలా?

#24 · మిల్టన్_మూర్తి

చేయించాలి. రిజిస్టర్‌లో రిస్ట్రిక్షన్ (ఒక్కరే అమ్మేయకుండా ఆపే నమోదు) పడిందో లేదో నకలు తీయించి చూసుకోమనండి. సాలిసిటర్ వేస్తానని చెప్పి మర్చిపోయిన కేసులు చూశాను.